పదకొండింటికి పనిచేయని మెషీన్

ఇది నా చేతులతోనే టైప్ చేస్తున్నాను. కుడిచేతి వేళ్ళు ఇంకా మొద్దుగానే ఉన్నాయి కాబట్టి పేజీకి పది తప్పులు పడుతున్నాయి, వెనక్కి వెళ్ళి దిద్దుకుంటున్నాను. పోయిన చలికాలంలో దాదాపు నాలుగు నెలలు నాకు కళ్ళు తప్ప ఏమీ కదలలేదు. ఆ కళ్ళు కూడా మనుషులకి కనిపించేంత కదలలేదు. ఒక కెమెరాకి మాత్రం కనిపించేవి. ఆ కెమెరాతో నాకు జరిగింది ఇంకెవరింట్లోనూ జరగకూడదని రాస్తున్నాను. సానుభూతి కోసం కాదు. అది ఇప్పటికే వద్దన్నా టిఫిన్ డబ్బాల్లో వస్తోంది.

అక్టోబర్ చివర

మేం అమెరికాలో అరోరా అనే ఊళ్ళో ఉంటాం. నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఎవరో రాసిన ప్రోగ్రాంలో తప్పులు వెతకడం నా ఉద్యోగం. మావారు శ్రీధర్ ప్రోగ్రాంలు రాసే రకం, కాబట్టి ఆయన్లో తప్పులు వెతకడం ఇంటికొచ్చాక చేసే పని. మా పాప మేఘన మూడో క్లాసు.

ఆ నెలలో అందరికీ వచ్చినట్టే నాకూ జలుబు వచ్చి తగ్గింది. వారం తర్వాత అరికాళ్ళలో తిమ్మిరి మొదలైంది. కొత్త బూట్లవల్ల అనుకున్నాను. మర్నాడు పాప లంచ్ బాక్స్ మూత బిగించలేకపోయాను. ఆ తర్వాతి రోజు మెట్లమీద కూలబడ్డాను. పైనుంచి శ్రీధర్ లాప్‌టాప్ చంకలో పెట్టుకుని చూసి, "ఏంటి వసూ, జోకా? నాకు మీటింగ్ ఉంది," అన్నారు. జోకు కాదని చెప్పడానికి లేవబోయాను, లేవలేకపోయాను. ఆయన ముఖం మారడం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఎమర్జెన్సీ వెయిటింగ్ రూంలో నాలుగు గంటలు కూర్చున్నాం. టీవీలో ఎవరో కేకు చేస్తున్నారు. చేతికి ఐస్ కట్టుకున్న ఒక పెద్దాయన తన పక్క కుర్చీని కాలితో నావైపు తోసి, కాళ్ళు పెట్టుకోమన్నాడు. సాయంత్రానికి మంచినీళ్ళు మింగుడు పడలేదు. జీబీఎస్ అన్నారు. ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన శక్తి తిరగబడి సొంత నరాలనే తింటుందట. చాలామంది కోలుకుంటారని డాక్టర్ చెప్పింది, ఎప్పుడో మాత్రం చెప్పలేదు. గొంతులో గొట్టం వేసేముందు శ్రీధర్‌తో నేనన్న ఆఖరి మాట, "పాపకి గురువారం లైబ్రరీ పుస్తకం ఇవ్వాలి." ఇంతకంటే మంచి మాట ఏదైనా అనుంటే బాగుండేదని తర్వాత చాలా అనుకున్నాను.

నవంబర్

ఈ జబ్బులో తెలివి ఎక్కడికీ పోదు. ఇది ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. అన్నీ వినిపిస్తాయి. దుప్పటి మడత పాదానికి తగిలితే మంటపెట్టినట్టుంటుంది. ముఖం చచ్చుబడి, రెప్పలు సగం వాలి, నేను నిద్రపోతున్నానో చూస్తున్నానో ఎవరికీ తెలిసేది కాదు. గదిలోకి వచ్చినవాళ్ళు నా మీదుగా మాట్లాడుకునేవాళ్ళు. రెప్ప కొట్టమంటే కొట్టలేను. పైకి చూడమంటే చూడలేను. కనుగుడ్లు అటూ ఇటూ జరిగేవి, అదీ వెంట్రుకవాసి.

రెండో వారంలో అత్తయ్య వచ్చారు. నరసరావుపేటలో హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి. వీసా ఉంది కాబట్టి శ్రీధర్ ఫోన్ చేసిన నాలుగో రోజుకల్లా విమానం దిగారు. ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా హాస్పిటల్‌కి వచ్చి, మంచం పక్కన నిలబడి, నా గొట్టాలు చూడలేదు, మెషీన్లు చూడలేదు.

"ఏంట్రా శీనూ, దీని నుదురు బోసిగా పెట్టారు?" అన్నారు శ్రీధర్‌తో. కొడుకుని ఆవిడ పిలిచేది అలాగే.

"అమ్మా, ఇది ఐసీయూ."

"అయితే? నేను బతికుండగా నా కోడలు బొట్టు లేకుండా పడుకోవాలా?"

సంచిలోంచి ఒక స్టిక్కర్ల అట్ట తీశారు. తెల్ల రాళ్ళు పొదిగిన బొట్లు. అవి నాకు తెలుసు, ఆవిడవే. ఆరేళ్ళ క్రితం మావయ్యగారు పోయాక ఆవిడ పెట్టుకోవడం మానేశారు, అట్టలు మాత్రం పారేయలేదు. వేలితో నా నుదురు తుడిచి ఒకటి అంటించారు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. గ్లవ్స్ లేని చెయ్యి తగిలి చాలా రోజులైంది. నాకు నిజంగా ప్రాణం లేచొచ్చింది.

అప్పట్నుంచి రోజూ అదే పద్ధతి. తెల్లవారుజామున నైట్ నర్స్ ముఖం కడిగి బొట్టు తీసేసేది. తొమ్మిదింటికి అత్తయ్య వచ్చి కొత్తది పెట్టేవారు. పదకొండింటికి స్పీచ్ థెరపిస్ట్ ఎలెన్ మెషీన్ తోసుకుంటూ వచ్చేది.

ఆ మెషీన్ గురించి చెప్పాలి. చూడ్డానికి ఒక పెద్ద ట్యాబ్లెట్, కింద సన్నటి కెమెరా పట్టీ. అది కళ్ళమీదకి కంటికి కనిపించని వెలుతురు వేసి, కనుపాపమీద పడ్డ మెరుపుని బట్టి మనం ఎక్కడ చూస్తున్నామో కనిపెడుతుంది. మొదట మన కళ్ళ కొలత తీసుకుని గుర్తుపెట్టుకుంటుంది. తర్వాత తెరమీద అక్షరంకేసి కాసేపు చూస్తే చాలు, అది పడుతుంది. కెమెరా నా కళ్ళని పట్టుకుంటే తెరమీద ఓ మూల నల్లటి డబ్బాలో రెండు తెల్ల చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కలే నేను.

మెషీన్ తెచ్చిన మొదటి రోజు విపరీతంగా మంచు కురిసి అత్తయ్య రాలేకపోయారు. ఎలెన్ మెషీన్ పెట్టింది, చుక్కలు రెండూ నిలకడగా నిలిచాయి. ఇరవై నిమిషాలు తంటాలు పడి ఒక మాట కూడబెట్టాను. దుప్పటి, పాదం, నొప్పి. ఎలెన్ గబగబా వెళ్ళి నా పాదంమీద దుప్పటి ఎత్తింది. మూడు వారాల మంట చల్లారింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె తీసి పంపిన వీడియో శ్రీధర్ ఆఫీస్ పార్కింగ్‌లో కూర్చుని పదిసార్లు చూశారట.

మర్నాటినుంచి మెషీన్ పనిచేయలేదు.

డిసెంబర్

చుక్కలు వచ్చేవి, కానీ ఎగిరిపోయేవి. ఒకటి నుదుటి దగ్గరికి పోయేది, ఒకటి మాయమయ్యేది, ఒక్కోసారి మూడయ్యేవి. నేను ఎడమవైపు చూస్తే అక్షరం కుడివైపు పడేది. ఎలెన్ కిటికీ తెరలు దించింది, మంచం ఎత్తు మార్చింది, కొలతలు మళ్ళీ తీసింది, ఇంకో మెషీన్ తెచ్చింది. "మీ పేరు వసుధేనా?" అని తెరమీద అడిగితే నా జవాబు "కాదు" అని వచ్చింది. "మనం ఉన్నది హాస్పిటల్లోనేనా?" కాదు. ఆమె కాగితంమీద ఏదో రాసుకున్న చప్పుడు నాకు వినిపించింది. నేను పరీక్షలో ఫెయిలవుతున్నానని నాకు తెలుసు.

దీనిమీద ఏం ఆధారపడి ఉందో కూడా తెలుసు. అందరూ నా మంచం పక్కనే మాట్లాడుకున్నారు మరి. మా ఊరికి ఇరవై నిమిషాల దూరంలో, నడకా మాటా మళ్ళీ నేర్పించే రీహాబ్ హాస్పిటల్ ఒకటి ఉంది. చెప్పింది అర్థం చేసుకుని జవాబివ్వగలిగే పేషెంట్‌నే వాళ్ళు తీసుకుంటారు. లేకపోతే పక్క రాష్ట్రం ఇండియానా సరిహద్దు దాటి రెండున్నర గంటల దూరంలో, వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళని దీర్ఘకాలం ఉంచుకునే చోటు ఒకటే ఖాళీగా ఉంది. అక్కడికి వెళ్తే పాపని ఎప్పుడు చూస్తానో తెలియదు. క్రిస్మస్ ముందు రీహాబ్ నుంచి ఒకావిడ వచ్చి నన్ను పరీక్షిస్తుందన్నారు.

నాకు వేరే పనేముంది? టెస్టర్ బుర్ర కదా, మొదలుపెట్టాను. ఒక రోజు పనిచేసింది, తర్వాత పనిచేయలేదు. మధ్యలో ఏం మారింది? గది అదే. వెలుతురు అదే. కళ్ళు అవే. ఆఫీసులో ఇలాంటి తప్పు వస్తే చిరాకుపడేదాన్ని, ఇప్పుడు గంటల తరబడి దాన్నే నమిలాను. జవాబు దానంతటదే వచ్చి ఒళ్ళో పడింది. ఒక రోజు ఎలెన్ ఉండగా, చెమటకి జిగురు పోయి నా నుదుటి మీది బొట్టు దిండుమీద రాలింది. తెరమీద చుక్కలు రెండూ ఠక్కున వచ్చి కళ్ళ చోట నిలబడ్డాయి.

ఆ క్షణంలో అంతా అర్థమైంది. రాళ్ళు. కెమెరా వెతుక్కునేది మెరుపుని. నా నుదుటిమీద ఎనిమిది మెరుపులు పెట్టుకుని, వాటి కింద రెండు కళ్ళు వెతకమంటున్నాను దాన్ని.

బొట్టు అని ఇంగ్లీషు అక్షరాల్లో రాద్దామని బి అనే అక్షరంకేసి చూశాను. పడింది. తర్వాత 'ఓ' అనే అక్షరానికి వెళ్తున్నాను.

"అయ్యో, బొట్టు రాలిపోయిందే," అని అత్తయ్య కుర్చీలోంచి లేచారు. దిండుమీద దాన్ని తీసి, అటూ ఇటూ చూసి, అట్టలోంచి కొత్తది తీసి అంటించారు. చుక్కలు ఎగిరిపోయాయి. తెరమీద బి ఒక్కటే మిగిలింది. ఎలెన్ దాన్ని తుడిపేసింది.

నాకు ఏడుపొచ్చింది. ముఖం కదలకపోయినా నీళ్ళు కారతాయి. అరవాలనిపించింది, ఆవిడ చెయ్యి పట్టుకుని విరిచేయాలనిపించింది. అలా రాయడం బాగోదు గానీ అదే అనిపించింది. అత్తయ్య కొంగుతో నా చెంపలు తుడిచారు. తడికి బొట్టు మళ్ళీ ఊడుతుందేమోనని బొటనవేలితో గట్టిగా నొక్కారు.

ఆ తర్వాత తొమ్మిది రోజులు నాకు కారణం తెలుసు, చెప్పే దారి లేదు. చెప్పాలంటే మెషీన్ కావాలి, మెషీన్ పనిచేయాలంటే బొట్టు తీయాలి, బొట్టు తీయమని చెప్పాలంటే మెషీన్ కావాలి. తెల్లవారుజామున బొట్టు లేనప్పుడు మెషీన్ బీరువాలో ఉండేది. పదకొండింటికి మెషీన్ వచ్చేసరికి బొట్టు ఉండేది. ఆ నైట్ నర్స్ రోసా ఒక్కతే రోజూ వెళ్ళేముందు నా జుట్టు దువ్వి, బయట చలి ఎంతుందో చెప్పి, "నువ్వు లోపల ఉన్నావని నాకు తెలుసు తల్లీ," అనేది. ఆ ఒక్క మాటకోసం నేను రాత్రంతా ఎదురుచూసేదాన్ని.

పరీక్ష రోజున అత్తయ్య నాలుగింటికే లేచి లలిత చదువుకుని వచ్చారట. పెద్దమనిషి వస్తోందని నాకు తల దువ్వించి, అట్టలో అన్నిటికంటే పెద్ద బొట్టు ఏరి పెట్టారు. "నా తల్లి అన్నిటికీ కరెక్ట్‌గా చెప్తుంది, చూడండి," అని ఆవిడకి తెలుగులోనే చెప్పారు. వచ్చినావిడ ఓపిక ఉన్న మనిషి. నలభై నిమిషాలు కూర్చుంది. తలుపు దగ్గర శ్రీధర్‌తో మెల్లగా మాట్లాడింది. సారీ అన్న మాట రెండుసార్లు వినబడింది.

జనవరి, ఫిబ్రవరి

రెండున్నర గంటలు అంబులెన్స్‌లో పైకప్పు చూస్తూ వెళ్ళాను. కొత్త చోట గది సగం చీకటి. పక్క మంచంమీద ఎవరో ఉన్నారు, ఆ మనిషి గొంతు నేను ఎప్పుడూ వినలేదు. శ్రీధర్ శనివారాలు వచ్చేవారు. లీవ్ అయిపోయింది, ఉద్యోగం పోతే వీసా పోతుంది, మొత్తం కుటుంబం దేశం వదిలి పోవాలి. అత్తయ్య మేఘనకోసం ఇంట్లో ఉండిపోయారు.

కాబట్టి నా నుదురు ఖాళీగా ఉంది.

ఎనిమిదో రోజున డెనీస్ అనే థెరపిస్ట్ పాత మెషీన్ ఒకటి తెచ్చింది. "పాత కాగితాల్లో నీకు ఇది పనిచేయదని రాశారు. నేను కాగితాలు నమ్మను," అంది. చుక్కలు రెండూ రాయిలా నిలబడ్డాయి. అడిగిన పదిహేను ప్రశ్నలకీ సరిగ్గా చెప్పాను. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని, "ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు?" అంది. ఇక్కడే, అని రాశాను. తర్వాత బొట్టు సంగతి రాశాను. ఆమె శ్రీధర్‌కి ఫోన్ చేసి, పాత హాస్పిటల్లో తీసిన నా ఫోటోలు పంపమని అడిగింది, చూసి తల పట్టుకుంది. మెరిసే చెవిపోగులు, తళుకు మేకప్, కళ్ళద్దాల ఫ్రేములు, ఏదైనా ఇంతే చేస్తుందట. ముందు ముఖం మీది మెరిసేవన్నీ తీసేయాలట. ఇంట్లో ఎవరికైనా ఇలాంటి మెషీన్ పెడితే మీరు మొదట అడగాల్సింది ఇదే. బట్ట బొట్టు పెట్టండి, కుంకుమ పెట్టండి, రాళ్ళది మాత్రం వద్దు.

ఈ సంగతి తెలిశాక ఎలెన్ ఉత్తరం రాసింది. బొట్టుమీద ఆమెకి రెండోరోజే అనుమానం వచ్చిందట. మతానికి సంబంధించినదేమో, తీయమంటే అత్తగారు బాధపడతారేమో అని అడగలేదట. ఆమె మంచిదే. అందరూ మంచివాళ్ళే. ఒక్కళ్ళయినా కొంచెం మర్యాద తక్కువ మనిషి ఉంటే బాగుండేది.

ఆ శనివారం శ్రీధర్‌కి అంతా రాసి చూపించాను. రెండుసార్లు చదివారు. తర్వాత నా మంచం రెయిలింగ్‌మీద తల ఆనించి, "అమ్మకి చెప్పకు వసూ. తను తట్టుకోలేదు. ప్లీజ్," అన్నారు.

నోరొచ్చిన వారంలోనే నోరు మూసుకోమన్నారు. సరే, అని రాశాను. మెషీన్‌లోంచి ఎవరో అమెరికన్ అమ్మాయి గొంతు ఉత్సాహంగా ఓకే అంది.

రీహాబ్‌వాళ్ళు మళ్ళీ పరీక్షించి ఒప్పుకునేసరికి, మంచం ఖాళీ అయ్యేసరికి ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాల్లో మేఘన రెండుసార్లు వచ్చింది. రెండోసారి మెషీన్‌తో, "మేఘనా, దగ్గరికి రా," అనిపించాను. దాని పేరుని ఆ గొంతు వంకరగా పలికింది. పాప ఒక అడుగు వెనక్కి వేసి, "డాడీ, దట్స్ నాట్ అమ్మా. నేను కార్‌లో వెయిట్ చేస్తా," అంది. ఆపమని అడగడానికి అక్షరాలు వెతుక్కునేలోపు తలుపు మూసుకుంది. దాని తప్పు లేదు. నా తప్పూ లేదు.

వేసవి

మార్చిలో వేళ్ళు కదిలాయి, ఏప్రిల్‌లో గొట్టం తీశారు, మేలో వాకర్‌తో ఇంటికొచ్చాను. ఎడమ పాదం ఇంకా ఈడుస్తున్నాను. రీహాబ్ ముందే మొదలై ఉంటే బాగయ్యేదా అని డాక్టర్‌ని అడిగాను. కావచ్చు, కాకపోనూవచ్చు అంది. ఈ రెండు ముక్కలమధ్య నేను చాలా రాత్రులు గడిపాను. మేఘన ఒళ్ళో కూర్చుంటుంది గానీ, భయమేస్తే ఇప్పటికీ నానమ్మ దగ్గరికే పరిగెడుతుంది.

అత్తయ్య వీసా పొడిగించుకుని ఉండిపోయారు. వండుతారు, నా కాలికి నూనె రాస్తారు, మేఘనకి ఎక్కాలు చెప్తారు. నేను ఆవిడ చేసిన కూరలో ఉప్పు ఎక్కువైందంటాను. నూనె చాలంటాను. నేనే చేసుకుంటానంటాను. జబ్బుచేసిన మనిషి విసుగు అనుకుని సర్దుకుపోతున్నారు. ఆ సర్దుకుపోవడం చూస్తే ఇంకా మండుతుంది.

ఇక్కడిదాకా రాసి ఆపాను. ఇది ఎక్కడైనా అచ్చయితే నరసరావుపేటలో ఎవరో ఒకరు ఆవిడకి ఫోన్లో చదివి వినిపిస్తారు. అలా వినకూడదు. శ్రీధర్‌కి చెప్పకుండా, నిన్న ఆయన ఆఫీస్‌కి వెళ్ళాక, కాగితాలు ప్రింట్ తీసి అత్తయ్య చేతికిచ్చాను.

డైనింగ్ టేబుల్ దగ్గర అద్దాలు పెట్టుకుని చదివారు. లెక్కల పేపర్లు దిద్దిన అలవాటు, వరసవరసకీ వేలు ఆనిస్తారు. డిసెంబర్ దగ్గర వేలు ఆగిపోయింది. ఆ పేజీ మళ్ళీ మొదట్నుంచి చదివారు. అన్నీ అయ్యాక కాగితాలు అంచులు కలిపి పెట్టారు.

"ఆ రోజు నువ్వు ఏడ్చింది ఇందుకా?"

"అవునత్తయ్యా."

"నేను దగ్గరున్నానని ఏడ్చావనుకున్నానే. మా అక్కకి ఫోన్ చేసి మరీ చెప్పుకున్నా, నా కోడలు నన్ను గుర్తుపట్టి కళ్ళనీళ్ళు పెట్టుకుందని."

నేను కాగితాల కట్ట నావైపు లాక్కున్నాను.

"శీనుగాడు నిజంగానే చెప్పొద్దన్నాడా?"

"మీరు తట్టుకోలేరన్నారు."

"వాడి మొహం." కుర్చీ నావైపు తిప్పుకున్నారు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నారు. "నామీద కోపం ఉందా?"

లేదు అత్తయ్యా అనే మాట నోటి చివరిదాకా వచ్చింది. ఇరవై ఏళ్ళుగా అలవాటైన మాట. మింగేశాను.

"ఉంది," అన్నాను. "చాలా ఉంది."

"చెప్పు మరి."

చెప్పాను. నా గొంతు ఇంకా బొంగురే, రెండు మాటలకోసారి ఊపిరి తీసుకోవాలి. పాప వెనక్కి వేసిన అడుగు గురించి చెప్పాను, బొటనవేలి గురించి చెప్పాను, ఆవిడ చెయ్యి విరిచేయాలనిపించిందని కాగితంలో చదివిందే మళ్ళీ మొహంమీద చెప్పాను. ఆవిడ ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. సారీ చెప్పలేదు. కారుతున్న కళ్ళు తుడుచుకోలేదు. నేను అలిసిపోయి, అంతే అత్తయ్యా, అయిపోయింది అన్నాను.

"అప్పుడే ఎలా అయిపోతుంది? ఇంకా ఉంటుంది, గుర్తుచేసుకో," అన్నారు. "నేనెక్కడికీ పోను."